అడగకుండా ఇచ్చిన క్యారేజీ

ఇరవై నాలుగేళ్ళు నేను ఊళ్ళోవాళ్ళ అన్నం మోశాను. కొన్నేళ్ళు తల మీద గంపలో, ఆ తర్వాత నాలుగు చక్రాల తోపుడు బండి మీద. జ్ఞానాపురం సందుల్లో ఇల్లిల్లూ తిరిగి మధ్యాహ్నం క్యారేజీలు పోగుచేయడం, పోర్టు గేటు దగ్గర పనివాళ్ళకి అందించడం, ఖాళీవి మళ్ళీ ఇళ్ళకు చేర్చడం. ఇదీ నా ఉద్యోగం. దీన్ని కూడా ఉద్యోగం అంటారా అని నవ్వే పిల్లలు నవ్వుకోవచ్చు. పని మానేసి రెండేళ్ళు దాటినా పొద్దున పదకొండయ్యేసరికి నా కాళ్ళు వాటంతట అవే గుమ్మం వైపు వెళ్తాయి. మీలో ఎంతమందికి మీ ఆఫీసు మీద అంత ప్రేముందో మీరే చెప్పాలి.

మా ఆయన పోర్టులో కళాసీ. ఆయనకి రోజూ నేనే అన్నం పట్టుకెళ్ళేదాన్ని. ఆయన పోయాక గేటుకు వెళ్ళే అలవాటు మాత్రం నాకు మిగిలిపోయింది. ఇంట్లో కూర్చోలేక ఒక రోజు ఊరికే బయల్దేరితే పక్కింటావిడ తన భర్త క్యారేజీ నా చేతిలో పెట్టింది. మర్నాడు రెండయ్యాయి. పోగా పోగా ముప్పై అయ్యాయి. బండి కొన్నాక ఒక్కదాన్ని తొయ్యలేక మా వీధిలోనే ఉండే ఒకావిడని తోడు తెచ్చుకున్నాను. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, నోరు మాత్రం నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. నన్ను అప్పా అనేది, మా వైపు అక్కని అలాగే పిలుస్తారు.

నాకు సంతకం వచ్చు. బస్సు నెంబరు పోల్చుకుంటాను. అంతకు మించి చదువు లేదు. ఇప్పుడు కూడా నేను చెబుతుంటే ఇంకొకరు రాస్తున్నారు. క్యారేజీల మీద పేర్లు రాసి ఉంచినా నేను చదవలేను కాబట్టి ఎవరిది ఏదో నా చేతికే తెలియాలి. ఒకదాని పిడికి పాత చీర అంచు చుట్టి ఉంటుంది. ఒకదాని మూత నడుస్తుంటే గంటలా మోగుతుంది. ఒకదానికి అడుగున సొట్ట. ఒకటి ఎప్పుడూ బరువే, ఆ ఇల్లాలికి భర్త మీద అంత నమ్మకం. గేటు దగ్గర అన్నం బెల్లు మోగాక ముప్పై మంది ఎర్ర దుమ్ము కొట్టుకుపోయిన ముఖాలతో వరసలో వచ్చేవాళ్ళు. చెయ్యి చాచేవాళ్ళు. నేను ముఖం చూసి పిడి చేతిలో పెట్టేదాన్ని. నీదేది అని ఎవర్నీ అడిగేదాన్ని కాదు. వాళ్ళూ చూసుకోకుండా పట్టుకుపోయేవాళ్ళు. అడిగితే వరస ఆగుతుందని పైకి చెప్పేదాన్ని గానీ, నిజానికి అది నా పొగరు. చదువుకున్న గుమాస్తాలు కాగితం చూసి గానీ చెప్పలేనిది నేను చూడకుండా చేస్తున్నానని.

ఇక ఆ రోజు సంగతి. కార్తీక సోమవారం. నేను ఉపవాసం. దానికి ముందు ఒక నెల నుంచీ బీపీ మాత్ర వేసుకోవడం కూడా మానేశాను. తల తిరగడం తగ్గింది కదా, ఇంకెందుకని. ఇలా మానేసినవాళ్ళు మీ ఇళ్ళల్లో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు.

ఆ వరసలో క్రేను నడిపే మనిషి ఒకడు అయ్యప్ప మాలలో ఉన్నాడు. మామూలు రోజుల్లో నన్ను మామ్మా అనేవాడు, మాల వేశాక మాతా అనేవాడు. అతని భార్య మాల కోసమని కొత్త స్టీలు క్యారేజీ కొని, మిగతావాటికి తగలకూడదంటే నేను బండికి ముందు వేరే కొక్కెం పెట్టి దానికి తగిలించేదాన్ని. అదే వరసలో ఒక ఫిట్టరు ఉండేవాడు. వాళ్ళది చర్చి పక్క ఇల్లు. అతని క్యారేజీ కూడా స్టీలుదే, మూడు గిన్నెలదే. ఆ రోజు అందులో వంకాయ ఎండురొయ్యల కూర. పొద్దున వాళ్ళావిడ మూత పెడుతుంటేనే వాసన వీధి చివరికి వచ్చింది.

బెల్లు మోగింది. నా తోడుది నీళ్ళకని కుళాయి దగ్గరికి వెళ్ళింది. నేను పది పన్నెండు క్యారేజీలు ఇచ్చాను. తర్వాతదానికి చెయ్యి చాపాను. చెయ్యి వెళ్ళింది గానీ బరువుగా వెళ్ళింది, ఎవరో తడి గోనె కట్టినట్టు. బండి వైపు చూశాను. ఏం చెప్పను, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. గంట లేదు, సొట్ట లేదు, చీర అంచు లేదు. ఇనప ముద్దల్లాగ ఉన్నాయి. ఎదురుగా నల్ల బట్టల్లో మనిషి నిలబడి ఉన్నాడు. ఇతను నాకు తెలుసు అని తెలుస్తోంది, ఎవరో తెలియడం లేదు.

"ఏటి మాతా, అలగ సూత్తన్నావు?" అన్నాడు.

సామీ అనబోయాను. నోట్లోంచి ఏదో వచ్చింది, ఆ మాట కాదు. అప్పుడైనా అడగాలి కదా, నీదేది నాయనా అని. అడగలేదు. వెనక జనం ఉన్నారు. చేతికి దగ్గరగా ఉన్నది తీసి ఇచ్చేశాను. అతను అలవాటు ప్రకారం చూసుకోకుండా పట్టుకుపోయాడు. కాసేపటికి ఫిట్టరు వస్తే కొక్కేనికి ఉన్నది తీసి ఇచ్చాను.

నా తోడుది నీళ్ళు తెచ్చేసరికి వరస అయిపోయింది.

"అప్పా, నీ నోరేటి అలగ పక్కకెల్లిపోనాది?"

"ఏటీ లేదే, ఉపవాసం కదా" అన్నాను. ఈసారి మాట సరిగ్గానే వచ్చింది. చెయ్యి కూడా తేలికయింది. చూస్తే గంట గంటలాగే ఉంది, సొట్ట సొట్టలాగే ఉంది. మొత్తం పావుగంట కూడా అయ్యుండదు.

"ఆసుపత్రికి ఎల్దాం రా."

"నోరు మూసుకుని కూకో. ఖాళీ క్యారేజీలు ఎవులు తెత్తారు, మీ బాబా?"

అలా అంటుండగానే లోపలి నుంచి కేక వినబడింది. క్రేను మనిషి క్యారేజీ పట్టుకుని వస్తున్నాడు, ముఖం పాలిపోయి ఉంది. వెనకాల ఫిట్టరు పరుగు. చన్నీళ్ళ స్నానాలకి సామికి వారం నుంచీ జలుబట. వాసన తెలియలేదు. వంకాయ కూరే అనుకుని ఒక ముద్ద నోట్లో పెట్టేశాడు. పంటి కింద రొయ్య తగిలింది.

"మాతా, ఎంత పని సేసినావు!" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

చుట్టూ నలుగురూ చేరారు. ఒకరు కావాలని చేసిందన్నారు. ఒకరు ముసల్దానికి కళ్ళు పోయాయన్నారు. ఫిట్టరు మాత్రం కూర సంగతి వదిలేసి నా ముఖంలోకి చూస్తున్నాడు.

"మామ్మా, ఓసారి నవ్వు."

"నవ్వేటిరా? సామి ఏడుత్తంటే నాను నవ్వాలేటి?"

"నవ్వమంతన్నాను కదా. సేఫ్టీ క్లాసులో సెప్పేరు. నవ్వు. ఇప్పుడు రెండు సేతులూ పైకెత్తు. కళ్ళు మూసుకో."

ఎత్తాను. నాకు రెండూ పైనే ఉన్నాయనిపించింది. కళ్ళు తెరిచేసరికి కుడి చెయ్యి నడుము దగ్గరికి వచ్చేసి ఉంది. అది ఎప్పుడు దిగిందో నాకు తెలియదు. అప్పుడు భయం వేసింది. అంతదాకా వెయ్యలేదు.

ఆటో పిలిచింది సామి. వ్రతం చెడిపోయిందని ఏడుస్తున్న మనిషే నన్ను భుజం పట్టుకుని ఎక్కించాడు. దారి పొడుగునా శరణం శరణం అంటూనే ఉన్నాడు. అది తన కోసమో నా కోసమో నేను అడగలేదు.

పెద్దాసుపత్రిలో స్కానింగు తీసి ఒక పిల్ల డాక్టరమ్మ వచ్చి కూర్చుంది. "మామ్మగారూ, దీన్ని మైనర్ స్ట్రోక్ అంటారు. చిన్న పక్షవాతం. మెదడులో ఒక దగ్గర రక్తం అందలేదు. చిన్న మచ్చ పడింది" అంది.

"వచ్చి పోనాది కదమ్మా. ఇంక నన్నొగ్గీండి" అన్నాను.

"పోలేదు. ఇల్లు చూసుకుని వెళ్ళింది. మీరు మాత్ర మానేస్తే ఈసారి సామాను తెచ్చుకుని వస్తుంది."

ఆ మాటకి నేను దుప్పటి లాక్కుని మళ్ళీ మంచం మీద వాలాను.

పైకి చూస్తే నాకేమీ కానట్టే ఉండేది. నడుస్తాను, తింటాను. కానీ లోపల కొన్ని అరలు ఖాళీ అయిపోయాయి. ఉప్పు అనే మాట పోయింది. ఉప్పు కావాలంటే సున్నం అనేదాన్ని. మా కోడలు అదే అదనుగా కూరలో ఉప్పు తగ్గించేసింది. "మాటొచ్చినాక అడుగత్తా, ఏత్తాను" అనేది. పది రోజులకి ఒక మధ్యాహ్నం ఉప్పు ఉప్పు అని అరిచాను. అది చప్పట్లు కొట్టి, "డాక్టరమ్మ వద్దంది" అని వెళ్ళిపోయింది. ఎండుచేపలూ పోయాయి, ఆవకాయ జాడీ ఎక్కడికి వెళ్ళిందో ఇప్పటికీ నాకు తెలియదు. మాత్రలు మాత్రం తన ఎదురుగానే మింగించేది, మింగాక నోరు తెరిచి చూపించమనేది.

ఆసుపత్రికి చూపించుకోవడానికి వెళ్తే నర్సమ్మ ఇవాళ ఏ వారం అని అడిగేది. నాకు వారాలు కలిసిపోయేవి. "వీధిలో మాంసం వాసన రాలేదు కాబట్టి ఆదివారం కాదు" అన్నాను ఒకసారి. ఆవిడ నవ్వి కాగితం మీద టిక్కు పెట్టింది.

అవన్నీ నాకు పెద్ద బెంగ కాదు. నా బెంగ క్యారేజీలు. చర్చి దాటాక ఎడమకా కుడికా అంటే దారి తెలిసేది కాదు. ఏ ఇంటిది ఏది అంటే కళ్ళ ముందు ఇనప ముద్దలే. అవి గుర్తు రాకపోతే నేను గేటుకు వెళ్ళి ఏం చెయ్యను? ఇంట్లో కూర్చుని నోరు తెరిచి మాత్ర మింగానని చూపించడమేనా మిగిలింది?

నా తోడుది ఒక్కతే బండి తోసుకొచ్చేది. సాయంత్రం ఖాళీ క్యారేజీలు ఇళ్ళకు ఇస్తూ మా గుమ్మం ముందు బండి ఆపేది. ఒక్కొక్కటీ తీసి నా ఒళ్ళో పెట్టేది.

"ఎవులిది సెప్పు."

"మూడో సందు మేస్త్రీది."

"కాదు."

"అయితే పక్కింటిది."

"అదీ కాదు. అప్పా, తెల్దంతే తెల్దను. ఊరికే ఏదో ఒకటి సెప్పకు. రోగం నీ నోటికొచ్చింది గానీ నీ పొగరికి రాలేదే!"

మొదటి రోజు ముప్పైలో అయిదు చెప్పాను. మిగతా ఇరవై అయిదూ ఊహించాను. నాకు తెలియదు అనే మాట ఉప్పు కంటే కష్టంగా వచ్చింది.

ఒక రోజు విసుగొచ్చి కళ్ళు మూసుకున్నాను. క్యారేజీ ఒళ్ళో ఉంది. బొటనవేలు దానంతటదే పిడి కిందికి వెళ్ళి అక్కడున్న చిన్న మెలికని పట్టుకుంది. ఇల్లు తెలిసిపోయింది. ఇంటి రంగు, గుమ్మంలో ముగ్గు, ఆవిడ దగ్గు, అన్నీ వచ్చేశాయి. చూస్తే తెలియనిది ముడితే తెలిసింది. ఆ రోజు నుంచి కళ్ళు మూసుకునే చెప్పేదాన్ని. పన్నెండయ్యాయి, ఇరవై అయ్యాయి. డాక్టరమ్మ పిసకమని రబ్బరు బంతి ఇచ్చింది గానీ, నా చేతికి క్యారేజీ పిడి కంటే మంచి మందు లేదు. పొద్దున పూట ఖాళీ చేతులతో సందులన్నీ నడిచేదాన్ని. తప్పిపోతే ఎవరో ఒకరు గుమ్మంలోంచి కేకేసేవాళ్ళు, "అటు కాదు మామ్మా, ఇటు!" అని.

మూడు నెలలకి పనిలోకి వస్తానన్నాను. ఇళ్ళన్నీ సరే అన్నాయి, ఒక్క ఇల్లు తప్ప. క్రేను మనిషి భార్య. ఆ రోజు గురుస్వామి తెలియక జరిగినదానికి దోషం లేదని, తలస్నానం చేసి శరణు చెప్పుకోమని అన్నారట. అతను కొండకి వెళ్ళి వచ్చాడు, మాల తీశాడు. అతని మనసులో ఏమీ లేదు. ఆవిడకి ఉంది. ఉండదా మరి? నలభై రోజులు తెల్లవారకముందు లేచి మడిగా వండిన మనిషి.

నేను గుమ్మం ముందు నిలబడితే ఆవిడ క్యారేజీ చేత్తో పట్టుకునే ఉంది, ఇవ్వడం లేదు.

"మీ సెల్లిని పంపించొచ్చు కదా మామ్మా."

"పంపిత్తాను. నువ్వు అదే అంతే అదే సేత్తాను."

"నీ మీద కోపం కాదు. బయం. మళ్ళీ అలగైతే?"

"అవదని నాను సెప్పనమ్మా. డాక్టరమ్మే సెప్పలేదు. గుర్తుంటే ఇత్తాను. లేకపోతే నీదేదని అడిగీసి ఇత్తాను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వా? అడుగుతావా? ఇరవయ్యేళ్ళలో ఎవుర్నీ అడగలేదంట కదా. మా ఆయన గొప్పగా సెప్తాడు."

"అదే నా తప్పు" అన్నాను. ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆవిడ క్యారేజీ పిడి నా చేతిలో పెట్టి, వెంటనే వదలకుండా ఒక క్షణం పట్టుకుని, వదిలింది.

గేటు దగ్గర బెల్లు మోగింది. నా తోడుది ఈసారి నీళ్ళకి వెళ్ళలేదు. పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది, పరీక్షలో కాపలా ఉన్నట్టు. మొదటి మనిషి వచ్చాడు, ఇచ్చాను. రెండో మనిషి, మూడో మనిషి. పిడి ముట్టగానే ఇల్లు తెలుస్తోంది. ఇరవై దాటాయి. నాకు లోపల కొంచెం పొగరు కూడా వచ్చింది, దాచుకోను.

క్రేను మనిషి వచ్చాడు. రెండు స్టీలు క్యారేజీలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాన్ని ముట్టాను. తెలియలేదు. రెండోదాన్ని ముట్టాను. ఏమీ రాలేదు. కళ్ళు మూసుకున్నా రాలేదు. పొద్దున ఆవిడ చేతి నుంచి తీసుకున్న క్యారేజీ, అయినా రాలేదు. వెనక ఏడెనిమిది మంది ఉన్నారు. అందరూ చూస్తున్నారు.

"నాకు తెల్దు నాయనా. నీదేది?"

ఆ మనిషి ముందుకు వంగి ఎడమవైపుది తీసుకున్నాడు. "ఇది మామ్మా. మూత మీద మా పాప పిన్నుతో గీసీసింది సూడు" అన్నాడు, ఎంతో మామూలుగా.

ఆ వెనకవాడు నేను అడగకముందే మొదలెట్టాడు. "నాది గంట మోగుద్ది మామ్మా, సెవి పెట్టు!" ఇంకొకడు, "నాది బరువుగా ఉంటాది, మా ఆవిడికి నానంటే అంత పేమ!" అన్నాడు. "పేమ కాదురా, నిన్నటి కూర కూడా అందులోనే పెట్టీసింది" అని ఇంకొకడు. వరస ఆగిపోయింది, అందరూ నవ్వుతున్నారు. అడిగితే వరస ఆగుతుందని ఇరవై ఏళ్ళు నేను చెప్పింది నిజమే.

ఆ నవ్వుల్లోనే ఫిట్టరు నోరు జారాడు. "ఇంక వెనకాల రేకుల షెడ్డులో మార్చుకునే పని తప్పింది."

"ఏటి మార్చుకునేది?" అన్నాను.

అందరూ నేల చూశారు. నా తోడుది కూడా నేలే చూసింది. దానికీ తెలుసన్నమాట.

చివరికి ఫిట్టరే చెప్పాడు. "నీకు నెలకో రెండు నెలలకో ఒకటి తప్పేది మామ్మా. ఎప్పుటి నుంచో. షెడ్డులో కూకుని మాలో మేమే మార్చీసుకునేవోళ్ళం."

"మరి నాకు సెప్పలేదేటిరా!"

"నువ్వు అలగ సూడకుండా ఇత్తంటే బాగుండేది మామ్మా. సెప్తే ఆ ముచ్చట పోద్ది కదా."

అతను ఇంకొంచెం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "నీకు పచ్చవాతం వచ్చేముందు నెలలో మాత్రం వారానికి మూడు నాలుగు తప్పినాయి. అయినా మార్చీసుకున్నాం. ఆ రోజు కూడా మార్చీసేవోళ్ళమే. సామి మాలలో ఉన్నాడు కదా, మాతో షెడ్డులో కూకోలేదు, వేరేగా కూకున్నాడు. నాను క్యారేజీ పట్టుకుని ఎతుక్కుంటూ ఎల్లేసరికి ముద్ద నోట్లో పెట్టీసేడు."

నేను బండి అంచు పట్టుకుని నిలబడిపోయాను. సామి ఆ రోజు అందరితో కలిసి కూర్చుని ఉంటే రెండు క్యారేజీలూ చేతులు మారేవి, గొడవ అయ్యేది కాదు, ఎవరూ నన్ను నవ్వమనేవారు కాదు. నేను ఉపవాసం అనుకుని ఇంటికి వెళ్ళి పడుకునేదాన్ని. మళ్ళీ లేచేదాన్నో కాదో. మాత్ర మానేసిన నెలలో నా చేతులు రోజు విడిచి రోజు చెబుతూనే ఉన్నాయి, నాకు తప్ప అందరికీ వినబడ్డాయి. నా మీద ప్రేమతో నాకు వినబడనివ్వలేదు.

ఆ తర్వాత ఇంకో నాలుగేళ్ళు పనిచేశాను. మాత్ర మానలేదు. సందులు, ఇళ్ళు, వారాలు, ఉప్పుతో సహా దాదాపు అన్నీ తిరిగి వచ్చాయి. రానివి అడిగి ఇచ్చేదాన్ని. అడగడం మొదలుపెట్టాక తెలిసింది, వాళ్ళ ఇళ్ళల్లో సంగతులు ఎన్నో నాకు తెలియవని. ఎవరి పాప మూత మీద గీసిందో, ఎవరి ఇంట్లో ఎవరు అలిగారో, అవన్నీ ఆ నాలుగేళ్ళలో విన్నవే. ఆ నాలుగేళ్ళే నా ఉద్యోగంలో బాగున్నవి. మోకాళ్ళు ఇక చాలన్నాక బండి నా తోడుదానికి ఇచ్చేశాను.

మీ పక్కన కూడా నాలాంటి పెద్దవాళ్ళు ఎవరో పనిచేస్తుంటారు. వాళ్ళు తప్పు చేస్తే పెద్దరికం చూసి వెనక్కి పట్టుకెళ్ళి సర్దేయకండి. ముఖం మీదే చెప్పండి. తిడతారు. తిట్టనివ్వండి. తిట్టేటప్పుడు నోరు ఎటు తిరుగుతోందో చూడండి.